రెండు దర్వాజాల ఆషాఢం

కొత్తగా పెళ్లయినవాళ్ల మీద ఆషాఢమాసానికి ఏం కోపమో ఎవరికీ తెలియదు. మాఘంలో పెళ్లయి, భర్త నవ్వినప్పుడు ముందు ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుందా, కుడి బుగ్గ మీదా అని ఇంకా పరిశీలనలోనే ఉన్న స్వరూపను, ఆషాఢం రాగానే అత్త రుక్మాబాయి బొట్టుపెట్టి బోధన్ బస్టాండులో నిజామాబాద్ బస్సెక్కించేసింది. నెల గడిచేదాకా అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు. కొత్త అల్లుడు అత్తవారింటి గడప తొక్కకూడదు. కొత్త జంట ఒక కప్పు కింద ఉండకూడదు. అంతే, ఇక మాట్లాడేదేమీ లేదు.

అయితే నిజామాబాద్ రైల్వే స్టేషన్‌కు గడప లేదు. ఆ సంగతి కనిపెట్టింది స్వరూప భర్త ఆత్మారాం. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బండ్లు తూచే కాటా దగ్గర గుమాస్తా అతను. గానుగాట నడిచే నెలల్లో అతనికి తిండికి కూడా తీరదు, వానాకాలంలో ఈగలు తోలుకోవడమే పని. అందుకని రోజు విడిచి రోజు బస్సెక్కి వచ్చి, ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు కింద సిమెంటు బెంచీ మీద కూర్చునేవాడు. స్వరూప గంజ్‌లో, అంటే ధాన్యం, పసుపు అమ్మే మార్కెట్లో, పని ముగించుకుని వచ్చేది. ఇద్దరూ ఎక్కని రైళ్ల కోసం ఎదురుచూస్తున్నట్టు ముఖాలు పెట్టి, పల్లీలు తింటూ కబుర్లు చెప్పుకునేవాళ్లు. పెళ్లయ్యాక దొంగతనంగా మొగుణ్ని కలుసుకోవడంలో ఇంత మజా ఉంటుందని స్వరూపకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు.

ఆ రోజు ఆమె దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఏంది, ముఖం గిట్ల ఎలిగిపోతున్నది? నన్ను సూసేనా?" అన్నాడు ఆత్మారాం.

"నిన్ను చూస్తే ఇంత వెలగదులే. ఆర్డర్ వచ్చింది! తారాపూర్. అణువిద్యుత్ కేంద్రం. అకౌంట్స్ అసిస్టెంట్!"

ఆత్మారాం చేతిలో పల్లీల పొట్లం ఒలికిపోయింది. ఆ సంతోషంలో అతనికి ఏం చేయాలో తోచక, అటుగా పోతున్న చాయ్ అబ్బాయిని ఆపి నాలుగు చాయ్‌లు అడిగాడు. "ఇద్దరమే కదా" అంది స్వరూప. "ఆఫీసరమ్మకు మూడు, నాకొకటి" అన్నాడు.

స్వరూప బీకాం చదివి, గంజ్‌లో ఒక పసుపు కమీషన్ అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తూ, సందు దొరికినప్పుడల్లా కాస్ట్ అకౌంటెన్సీ చదువుతూ, అందులో ఇంటర్ పరీక్ష గట్టెక్కింది. ఫైనల్ మిగిలింది. చలికాలంలో బొంబాయిలో ఇంటర్వ్యూకు పోయినప్పుడు, "పసుపు లెక్కలు రాసే అమ్మాయికి అణువిద్యుత్తుతో ఏం పని?" అని అడిగారు. "పసుపు లెక్క ఏడాదితో అయిపోతుంది సార్. నాకు నలభై ఏళ్ల లెక్క రాయాలనుంది" అంది. వాళ్లు నవ్వారు. ఎందుకు నవ్వారో తెలియక ఆమె ఇన్నాళ్లూ దిగులుపడింది.

"మరి ఎన్నడు చేరాలె?" అన్నాడు ఆత్మారాం.

స్వరూప ముఖం చిన్నబోయింది. "వచ్చే సోమవారం."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వచ్చే సోమవారం నాటికి ఇంకా సగం ఆషాఢం ఉంటుంది.

స్టేషన్ ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి, బొంబాయికి అవతల ఉన్న తారాపూర్‌కు ఫోన్ చేశారు. అవతల ఒక పెద్దాయన ఎంతో మర్యాదగా మాట్లాడాడు. కొత్తవాళ్లందరికీ శిక్షణ ఒకేసారి మొదలవుతుందని, ఆలస్యంగా వచ్చేవాళ్లను చేర్చుకునే వీలు లేదని, రానివాళ్ల స్థానంలో జాబితాలో తర్వాత ఉన్నవాళ్లను పిలుస్తామని చెప్పాడు. చివర, "తప్పకుండా రండమ్మా, మీ ఇంటర్వ్యూ నాకు గుర్తుంది" అన్నాడు. దాంతో స్వరూపకు దుఃఖం ఇంకా ఎక్కువైంది.

ఇంటికి పోయి చెబితే నాన్న హన్మాండ్లు మంచం మీదే లేచి కూర్చున్నాడు. కోటగల్లీలో దర్జీ ఆయన. పది రోజుల కింద వానలో సైకిల్ జారి కాలు విరిగింది, మోకాలి దాకా సిమెంటు పట్టీ. "నేనే తోల్కపోయేటోణ్ని బిడ్డా. ఈ కాలు సూడు, భూమిల పాతిన గుంజ లెక్కున్నది."

"ఒక్కదాన్నే పోత బాపు. బొంబాయి చూసిన కదా."

"పోతవ్. నీ ధైర్యం నాకెరికే" అంది తల్లి అంజవ్వ. "గని మీ అత్తను అడగకుండ పోకు. ఆమె కాదన్నంక నువ్వు పోయినా, గాడ కుదురుగ ఒక్క లెక్క రాయలేవు. నీ గుణం నేనెరుగనా?"

నిజమే. రుక్మాబాయి స్వరూపకు అత్త అయింది అయిదు నెలల కిందటే గాని, కలిసి ఉన్న ఆ కొద్ది నెలల్లో ఆ మనిషి ఆమెకు ఎంత ఇష్టమైపోయిందో! కొడుకు చిన్నతనంలోనే మొగుడు పోతే, గాజులమ్మి వాణ్ని పెంచింది రుక్మాబాయి. సరిహద్దు అవతల దెగ్లూర్, బిలోలి నుంచి వచ్చే ఆడవాళ్లతో మరాఠీ, మిగతావాళ్లతో తెలుగు, బేరం కుదరకపోతే ఉర్దూ. రోజూ సాయంత్రం కోడలి చెయ్యి పట్టుకుని, "ఈ రంగు నీ చేతికి నిద్రపోతున్నది, ఇది ఏసుకో" అని గాజులు మార్చేది. మొగుడి బుగ్గ సొట్ట తర్వాత బోధన్‌లో స్వరూపకు నచ్చినవి ఆ సాయంత్రాలే. ఆ మనిషి ముఖం ముడుచుకుంటే చూసి పోవడం ఆమె వల్ల కాదు.

మర్నాడు బోధన్‌కు పోయింది.

గల్లీలోకి అడుగుపెట్టి "అత్తమ్మా!" అని పిలిచిందో లేదో, ఇంట్లోంచి కేక.

"ఆగు! ఆడనే ఆగు! గడప కాడికి రాకు!"

ఎదురింటి అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న నాగవ్వ తల ఎత్తింది. "ఏం రుక్కక్కా, కోడలా, కోడిపిల్లనా? గట్ల అదిలిస్తున్నవ్?"

"నీ బీడీలు నువ్వు సుట్టుకోయే! దా బిడ్డా, నాగవ్వ అరుగు మీద కూసో. ఏమాయె? మీ నాన పాణం బాగున్నదా? సన్నవడ్డవ్. మీ అవ్వ తిండి పెడ్తలేదా?"

రుక్మాబాయి గడపకు లోపల పీట వేసుకుని కూర్చుంది. స్వరూప గల్లీకి ఇవతల అరుగు మీద. మధ్యలో సైకిళ్లు, మేకలు. పొద్దున పల్లీలేసి చేసిన సర్వపిండి రొట్టెల గిన్నె నాగవ్వ చేతుల మీదుగా గల్లీ దాటి వచ్చింది. "పోయేటోళ్లు వచ్చేటోళ్లకు గూడ తలా ఇంత పెట్టు" అంది నాగవ్వ, ఒక ముక్క తాను విరుచుకుంటూ.

స్వరూప గొంతు పెంచి విషయం చెప్పింది. అణువిద్యుత్తు అనగానే రుక్మాబాయి చెయ్యి గుండె మీదికి పోయింది.

"గా బాంబు కాడనా? ఊర్లకు ఊర్లే కాలిపాయెనట గదనే!"

"బాంబు కాదత్తమ్మా, కరెంటు. మన ఫ్యాక్టరీల చెరకు పిప్పి కాల్చి ఆవిరి చేస్తలేరా? గాడ పిప్పికి బదులు యురేనియం. ఆవిరితోని చక్రం తిరుగుతది, కరెంటు పుడ్తది."

"నువ్వు దాని పక్కన కూసుంటవా?"

"నాకు ఆఫీసుల పని. లెక్కలు."

"లెక్కలకు గంత దూరం పోవాల్నా? గంజ్‌ల లెక్కలు లేవా?"

ఇంటర్వ్యూలో చెప్పింది వేరు, అత్తకు చెప్పడం వేరు. "గంజ్‌ల పసుపు అమ్ముడువోతే లెక్క ఒడుస్తది అత్తమ్మా. గిది గట్ల కాదు. ఇప్పుడు గాడ రెండు కొత్తయి కడుతున్నరు. పొయ్యిల పెట్టే దానికి ఎక్కువ ఖర్చు కాదు, పొయ్యి కట్టుడుకే ఖర్చంత. ఏండ్లు పడ్తది. కట్టినన్ని రోజులు ఒక్క దీపం ఎలగది, గని తెచ్చిన అప్పుకు వడ్డీ ఆగది. పని ఒక్క నెల ఎనకవడితే, రేపు ఇంటింటికి పోయే కరెంటు ధర ఎంత పెరుగుతదో లెక్క గట్టాలె. ఇగ కరెంటు అమ్మిన మొదటి రోజు నుంచే కొంత తీసి పక్కకు పెట్టాలె."

"దేనికి?"

"ఎన్నో ఏండ్లకు అది ముసలిదయితది గద. అప్పుడు దాన్ని భద్రంగ ఇప్పదీసి, జాగ సాఫు చేసేటందుకు. ఎనకొచ్చేటోళ్ల మీద ఆ బరువు పడొద్దని."

రుక్మాబాయి పీట ముందుకు జరుపుకుంది. "ఇంక పుట్టనే లేదు, దాని ముసలితనానికి దాస్తరా?"

"ఆ."

"ఎవరు దాస్తరు?"

"నా అసొంటోళ్లే."

"ఓ యమ్మ!" అంది నాగవ్వ. "నా కొడుకు రేపటి చాయ్‌పత్తికి దాస్తలేడు!"

రుక్మాబాయి నవ్వలేదు. గడప మీద వేలితో ఏదో గీస్తూ, "శ్రావణం పడ్డంక పోరాదు?" అంది మెల్లగా.

"అప్పటికి నా కుర్చీల ఇంకొకరు కూసుంటరు అత్తమ్మా. నేను ఒక్కదాన్నే పోతనంటే..."

"ఒక్కదాన్ని తోలుతనా? నా కోడలికి దిక్కు లేదనుకుంటున్నవా? ఆత్మారాంను తోలుదమంటే ఆషాఢమాయె. మీ నానకు కాలాయె." ఆమె చూరు కింద నుంచి ఆకాశం వైపు చూసింది. "మబ్బు పట్టింది, పో బిడ్డా. బస్సు దొరకది."

అవునని లేదు, కాదని లేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని స్వరూప వానలో తడుస్తున్న చెరకు తోటలను చూస్తూ, మిగిలిన సర్వపిండి తింటూ ఏడ్చింది. ఏడుపులో కూడా ఆ పల్లీల రుచి ఆమెకు బాగానే తెలిసింది. అందుకు మళ్లీ తన మీద తనకే కోపం వచ్చింది.

శుక్రవారం దాకా బోధన్ నుంచి ఏ కబురూ లేదు. ఆత్మారాం స్టేషన్‌కు కూడా రాలేదు. స్వరూప పెట్టె సర్దింది, విప్పింది, మళ్లీ సర్దింది. శుక్రవారం సాయంత్రం బెంచీ మీద అతను కనిపించగానే ఉన్నచోటే ఆగిపోయింది, ఏం వినాల్సి వస్తుందోనని.

"అవ్వ ఒప్పుకుంది" అన్నాడు ఆత్మారాం. "రేపు రైలెక్కుమన్నది. తోడు ఒక మనిషిని పంపిస్తదట."

"ఎవరిని?"

"చెప్తలేదు. మా బాపురావు మామ కావొచ్చు."

బాపురావు మామ గురక పెళ్లిలో సన్నాయి మేళాన్నే మింగేసింది. అయినా స్వరూపకు ఆ క్షణంలో ఆ గురక మీద కూడా ప్రేమ పుట్టింది. "మామైతే ఏంది? దేవుడు! నేను చెవుల్ల దూది పెట్టుకుంట!"

మర్నాడు నాన్న మంచం మీద నుంచే చేతులూపాడు. తల్లి, ఆత్మారాం స్టేషన్‌కు వచ్చారు. రైలు వచ్చి నిలబడింది. బాపురావు మామ ఎక్కడా లేడు. రైలు డబ్బాకు అటు చివర తలుపు దగ్గర, చేతిలో ట్రంకు పెట్టె, భుజాన గాజుల మలారం మూట, నెత్తి మీద నిండుగా కొంగు. నిలబడి ఉంది రుక్మాబాయి.

"అవ్వా! నువ్వా?" ఆత్మారాం నోరు తెరిచాడు.

"నేను కాకపోతే నీ బాపురావు మామనా? వాడు నిద్రవోతే పిల్ల ఏడ దిగాల్నో ఎవరు జెప్పాలె?" అని కోడలి వైపు చెయ్యి ఊపింది. "స్వరూపా! నువ్వు గా దర్వాజల ఎక్కు. నేను గీ దర్వాజల ఎక్కుత. గడప వేరు, దోషం లేదు!"

అంజవ్వ బుగ్గన వేలుపెట్టుకుంది. "వదినా, ఇది ఏ శాస్త్రంల ఉన్నది?"

"అయ్యగారిని అడిగిన. ఆయన నవ్విండు. నవ్విండంటే ఒప్పుకున్నట్టే గద! కాదనేటోడు నవ్వుతడా?" తర్వాత కొడుకు వైపు తిరిగింది. "ఇగ నువ్వు. ఈ బెంచీకి గడప లేదని రోజు వచ్చి కూసుంటున్నవ్, నాకు తెల్వదనుకున్నవా? నీ తెలివి నీకు ఏడికెళ్లి వచ్చిందిరా? శ్రావణం దాకా ఇంటికాడ పడుండు. గాజుల దుకాణం తెరువు. ఆడోళ్ల చేతులు గట్టిగ గుంజకు, ఇరుగుతయ్."

"గాజులా, చేతులా?" అన్నాడు ఆత్మారాం.

"రెండూ!"

రైలు కదులుతుంటే స్వరూప ఒక తలుపులో, రుక్మాబాయి ఇంకో తలుపులో నిలబడి చేతులూపారు. తర్వాత లోపల ఒకే సీటు మీద పక్కపక్కన కూర్చున్నారు. స్వరూప అత్త భుజం మీద తల వాల్చి నవ్వుతూనే ఉంది. "ఊకో, అందరు సూస్తున్నరు" అంది రుక్మాబాయి, తానూ నవ్వు ఆపుకోలేక.

రైళ్లు మారి మారి తారాపూర్ దగ్గరి బోయిసర్ స్టేషన్‌లో దిగారు, వేరువేరు తలుపుల నుంచే. ఆఫీసువాళ్లు క్వార్టర్ ఇవ్వడానికి ఇంకా కొన్నాళ్లు పడుతుంది. అప్పటిదాకా అద్దె ఇల్లు వెతుక్కోవాలి. చూపించిన ప్రతి ఇంటికీ ఒకటే తలుపు. ఆదివారం మధ్యాహ్నం దాటిపోతోంది, తెల్లవారితే చేరాలి. "అత్తమ్మా, కళ్లు మూసుకుని దాటుదామా?" అంది స్వరూప. రుక్మాబాయి చూసిన చూపుకు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

చివరికి సముద్రం దగ్గర చేపలు పట్టేవాళ్ల ఇంట్లో ఒక వాటా దొరికింది. వెనక తలుపు ఉంది గాని, దానికి అడ్డంగా ఏళ్ల తరబడి చిరిగిన వలలు, విరిగిన తెడ్లు గుట్టగా పడున్నాయి. ఇంటామె కొప్పులో పువ్వు పెట్టుకున్న గట్టి మనిషి. ఈ తలుపు ఎందుకని అడిగింది. రుక్మాబాయి మరాఠీలో మొదలుపెట్టింది. కొత్త కోడలు, ఆషాఢం, గడప, సోమవారం ఉద్యోగం. మధ్యలో ఇంటామె చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, మలారం విప్పి, ఆకుపచ్చ గాజులు ఎక్కిస్తూ చెప్పింది. కథ ముగిసేసరికి చేతినిండా గాజులు, ఇంటామె కళ్లనిండా నీళ్లు. కొడుకులిద్దరినీ కేకేసింది. పొద్దుగూకేలోగా వెనక తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. చేపల వాసన గుప్పుమంది.

"ముందు దర్వాజ నీది" అంది రుక్మాబాయి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. "ఆఫీసుకు పోయే మనిషివి. వాసన దర్వాజ నాకు."

ఆ సాయంత్రమే ఇద్దరూ సముద్రం చూశారు. రుక్మాబాయి దోసిట్లో నీళ్లు తీసుకుని నాలుకకు తగిలించి ఉమ్మేసింది. "గిన్ని నీళ్లుండి తాగనీకి పనికిరావా! మన మంజీర నయం."

సోమవారం పొద్దున స్వరూప పెళ్లినాటి నెమలికంఠం రంగు చీర కట్టుకుని ముందు తలుపు నుంచి బయటికి వచ్చింది. రుక్మాబాయి వెనక తలుపు నుంచి ఇల్లంతా చుట్టి ఆయాసపడుతూ వచ్చి, ఎదురు నడిచి, నోట్లో చక్కెర పోసింది.

ఆఫీసులో సంతకాలయ్యాక శిక్షణ కోసం ఆమెను ఒక సీనియర్ ఆఫీసర్ దగ్గర కూర్చోబెట్టారు. నెరిసిన జుట్టు, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు. ఆవిడ ఒక ఫైల్ ముందుకు తోసింది. పాత యూనిట్లకూ, కొత్తగా కడుతున్న వాటికీ మధ్య ఒక రోడ్డుంది. ఆ రోడ్డు మీద దీపాల ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలి? నడుస్తున్న వాటి ఖాతాలో వేస్తే ఈ ఏటి ఖర్చుగా పోతుంది. కడుతున్న వాటి ఖాతాలో వేస్తే కట్టడం విలువలో కలిసి, రేపటి కరెంటు ధరలో ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. "నువ్వయితే ఎలా రాస్తావు?" అంది.

స్వరూప దానితో కుస్తీ పట్టింది. ఆ రోడ్డు మీద ఎవరి లారీలు తిరుగుతున్నాయో అడిగి తెలుసుకుంది. వాటాలుగా పంచి రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. భోజనం గంట కొట్టింది కూడా వినపడలేదు. ఇంత చిన్న దీపం వెనక ఇంత పొడుగు కాలం ఉందా అని ఆమెకు ఒళ్లు పులకరించింది. గుడిలో కొత్త దేవుణ్ని చూసినంత సంబరంగా ఉంది.

సాయంత్రం ఆఫీసర్ ఆ కాగితం చదివి, రెండు చోట్ల ఎర్ర సిరాతో దిద్ది, "కట్టేటప్పుడు చేరినవాళ్లు అదృష్టవంతులు. దాంతోపాటే పెరుగుతారు" అంది. "డిసెంబర్లో ఫైనల్ రాయి. అది ఉంటే ఇక్కడ ఆఫీసర్ పరీక్షకు కూర్చోవచ్చు. తర్వాత నీ ఓపిక. నేను అసిస్టెంటుగానే వచ్చాను."

స్వరూప ఇల్లు చేరేసరికి అత్త చుట్టూ అరడజను మంది ఆడవాళ్లు, అందరూ చేతులు చాచి. రుక్మాబాయి మలారం సగం ఖాళీ అయింది. ఆమె అన్నీ వదిలేసి, "ఏమన్నరు? తిట్టలే గద?" అని వెంటపడింది. స్వరూప జరిగిందంతా చెప్పింది. ఫైనల్ సంగతి, ఆఫీసర్ పరీక్ష సంగతి కూడా.

"డిసెంబర్లనా?" అంది రుక్మాబాయి. చెప్పులేసుకుని, వెనక తలుపు నుంచి బయటపడి, "దా, ఫోన్ డబ్బా కాడికి" అని ముందు నడిచింది.

బోధన్‌లో పక్క దుకాణానికి ఫోన్ చేసి ఆత్మారాంను పిలిపించారు. అతను పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు. "చేరినవా? ఎట్లున్నది? సముద్రం చూసినవా? నేనైతే శ్రావణం మొదటి రోజే బయల్దేరుత. టికెట్ గూడ తీసుకున్న. అంత కట్టడం కాడ ఒక కాటా ఉండదా? తూచేటోడు అక్కర్లేదా? నన్ను..."

రుక్మాబాయి కోడలి చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఒరేయ్, ఆత్మారాం! టికెట్ వాపస్ చెయ్యి."

"ఎందుకవ్వా?"

"పిల్ల ఆఫీసర్ పరీక్ష సదువుతున్నది. నువ్వొస్తే పల్లీలు తినుకుంట కూసుంటరు, నాకు తెల్వదా? డిసెంబర్ ఒడువనీ. నేనున్న గద."

"అవ్వా! శ్రావణంల గూడనా? ఇది ఏ శాస్త్రంల ఉన్నది?"

"నా శాస్త్రం!"

"అత్తమ్మా!" స్వరూప ఫోన్ కోసం గుంజుకుంది. రుక్మాబాయి వదల్లేదు. బూత్‌లో కూర్చున్న మరాఠీ ముసలాయన, భాష తెలియకపోయినా, పేపరు దించి ఆసక్తిగా చూస్తున్నాడు. కాసేపు పెనుగులాడాక స్వరూప అత్త చెంపకు చెంప ఆనించి, ఇద్దరి మధ్యా ఉన్న ఫోన్‌లోకి గట్టిగా అరిచింది.

"టికెట్ వాపస్ చేయకు! పొద్దున నేను చదువుకుంట, సాయంత్రం నువ్వు అప్పజెప్పించుకో! నాకు వడ్డీ పాఠం ఒక్కదాన్నే చదివితే నిద్రొస్తది!"

అవతల ఆత్మారాం నవ్వు బోధన్ నుంచి తారాపూర్ దాకా వినపడింది. రుక్మాబాయి చెంప స్వరూప చెంప పక్కన కదిలింది. ఆమె కూడా నవ్వుతోంది.

"సరే, రా" అంది ఫోన్‌లోకి. "వచ్చేటప్పుడు గాజులు తే. పచ్చయి. ఈడ అవి ఒక్క జత గూడ మిగల్లే."